పూర్వ విద్యార్థుల డబ్బుతో బడిలో ఆటలు: కిట్లా, మ్యాటా, కోచా?

ఏ సెక్షన్ చివరి బెంచి:

అందరికీ నమస్కారం. మేడ్చల్ వైపు ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల పూర్వ విద్యార్థుల తరఫున అడుగుతున్నాను. సంక్రాంతికి జరిగిన ఆత్మీయ సమ్మేళనంలో 3.5 లక్షలు పోగయ్యాయి. బీరువాలు, ఫ్యాన్లు, మంచినీళ్ళ యంత్రం ఇదివరకే ఇచ్చాం, ఈసారి ఆటలకే అని తీర్మానించుకున్నాం. 6 నుంచి 10 వరకు సుమారు 450 మంది పిల్లలు, ఒక్కరే పీఈటీ (వ్యాయామ) సార్. ఎకరం ఆటస్థలం ఉంది కానీ ఒక పక్క బండరాయి తేలి ఉంటుంది, ఇంకో మూల వానాకాలమంతా నీళ్ళు నిలుస్తాయి.

గ్రూపులో మూడు వాదాలు నడుస్తున్నాయి. మొత్తానికీ కిట్లు కొని ఆగస్టు 15న పంచుదామని కొందరు, టీవీలో కనిపించేలాంటి కబడ్డీ మ్యాట్ వేయిద్దామని ఇంకొందరు, క్రికెట్ నెట్స్ అని మిగతావాళ్ళు. డబ్బు ప్రస్తుతం ఒక మిత్రుడి సొంత ఖాతాలో ఉంది. అమెరికాలో ఉన్న ఏడెనిమిది మంది ఇంకా పంపుతామంటున్నారు. లెక్కలతో సహా చెప్పగలిగినవాళ్ళు చెప్పండి.

విజిల్:

అన్నా, పైసలు ఏడ పెట్టాల్నో తర్వాత. ముందుగాల మీ పీఈటీ సార్‌తోని కూసొని రెండు ముచ్చట్లు తెలుసుకోండ్రి. ఒక్కో తరగతికి వారంల ఎన్ని ఆటల పీరియడ్లు నిజంగ నడుస్తున్నయ్, స్టోర్ రూంల ఏమేం పడి ఉన్నయ్. సమగ్ర శిక్ష అనే సర్కారు బడుల పథకం కింద ప్రైమరీకి 5 వేలు, అప్పర్ ప్రైమరీకి 10 వేలు, హైస్కూలుకు 25 వేల దాంక ఏటా క్రీడల గ్రాంటు ఉంటది. ఆ పైసలతోని వచ్చిన సామాను మూట సుత విప్పకుంట ఉండే బడులున్నయ్. మీరు మళ్ళ గవ్వే క్యారమ్ బోర్డులు, గవ్వే స్కిప్పింగ్ తాళ్ళు తెస్తే బీరువా నిండుతది, గంతే.

సాయంత్రం బడి ఇడిసినంక గంటన్నర పిల్లలతోని నిలవడే మనిషి లేకనే ఆట ఎదుగుతలేదు. ఒక్క పీఈటీ 450 మందిని సూడాలె. పొద్దుగాల ప్రార్థన, మధ్యాహ్నం భోజనాల లైను, నడుమ ఎవలు సెలవు పెడితే ఆ క్లాసు, అన్నీ ఆయన మీదనే. అందుకే మొదటి ఖర్చు పార్ట్‌టైం కోచ్. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌ల మన ఫుట్‌బాల్ జట్టును నాలుగో స్థానం దాంక తీస్కపోయిన కోచ్ రహీం సాబ్ మన హైదరాబాద్ బడిపంతులే. ఆయనకు ఏ మ్యాట్లు, ఏ యంత్రాలు ఉండె?

రెండోది క్యాలెండర్. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ పోటీలు అండర్ 14, 17, 19 వర్గాలల్ల జరుగుతయ్. మండలంల మొదలుపెట్టి జిల్లా, రాష్ట్రం, జాతీయ స్థాయి దాంక పోతయ్. బడి జూన్ రెండో వారంల తెరుస్తే వానలల్లనే మండల పోటీలు ముంగటికొస్తయ్. ఆగస్టు 15న ఫొటో దిగి కిట్టు ఇస్తే ఆ జట్టు తయారయ్యేది ఎప్పుడు? ఇప్పుడే, జనవరిలనే షురూ చేయాలె. అది గూడ పదో తరగతోళ్ళతోని కాదు. చలికాలం వచ్చిందంటే వాళ్ళకు స్పెషల్ క్లాసులు, మార్చిల పరీక్షలు, ఆ తర్వాత బడే ఇడిసి పోతరు. 6, 7 తరగతులోళ్ళను పట్టుకుంటే అండర్ 14 ల ఒకటి రెండేండ్లు, అండర్ 17 ల ఇంకో రెండేండ్లు మీ చేతుల ఉంటరు.

ఏ ఆటలు అంటే: కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, వీటికి తోడు పరుగు, దూకుడు. జాగ లెక్క సూడుండ్రి. ఖోఖో కోర్టు 27 × 16 మీటర్లు. వాలీబాల్ 18 × 9, సుట్టు 3 మీటర్లు ఇడిస్తే 24 × 15. కబడ్డీ పెద్ద కోర్టు 13 × 10, ఆడపిల్లలకు 12 × 8. మూడూ కలిపినా ఎకరంల పావు వంతు దాటవు. క్రికెట్‌ల ఒకడు బ్యాటింగ్ చేస్తుంటే పదిమంది నిలవడి సూస్తరు, గంటన్నరల ఒక్కో పిల్లగాని కాలు ఎంతసేపు కదిలినట్టు? అది గల్లీల ఎట్లైనా ఆడుకుంటరు, దానికి మీ సందా అక్కర్లేదు.

40 మందికి సామాను: ప్రాక్టీసుకు అచ్చు పోసిన రబ్బరు వాలీబాళ్ళు 6, మ్యాచ్ బాళ్ళు 2, నెట్లు 2, కోన్లు 40, స్టాప్‌వాచ్‌లు 2, 30 మీటర్ల టేపు ఒకటి, కిలో మెడిసిన్ బాల్ (విసిరే బరువు బంతి) 2, పంపులు 2, సూదులు 10, బరువు తూచే మిషను ఒకటి. అతికించిన తోలు బాల్ మంచిగనే ఉంటది గానీ మొరం మీద పొరలు లేస్తది, అందుకే ప్రాక్టీసుకు రబ్బరుదే. బాల్‌ల గాలి చదరపు సెంటీమీటరుకు 0.30 నుంచి 0.325 కిలోలే. రాయి లెక్క కొట్టి ఇస్తే పిల్లల ముంజేతులు కమిలిపోతయ్, రెండోనాడు మొఖం సూపియ్యరు. సూది తడపకుంట గుచ్చితే వాల్వ్ చినుగుతది. సగం బాళ్ళు సచ్చేది గట్లనే.

తూకం మిషను ఎందుకంటరా? బడుల కబడ్డీల బరువు పరిమితి ఉంటది. పోటీ వారం ముంగట సూసుకొని, పిల్లగాన్ని అన్నం మాన్పించి పరిగెత్తించే పంతుళ్ళు ఉన్నరు. అది పాపం. నెలకోసారి తూచి రాస్తే ఎవలు ఏ వర్గంల ఆడాల్నో ముందే తెలుస్తది.

జమాఖర్చు:

విజిల్ గారి మాటకు అంకెలు జోడిస్తాను. మొదటి ఏడాది ఇలా పెట్టి చూడండి. కోచ్ గౌరవ వేతనం నెలకు 10 వేల చొప్పున 10 నెలలకు 1,00,000. సాయంత్రం ఆడే 40 మందికి అరటిపండు, ఉడకబెట్టిన పల్లీలు లేదా గుడ్డు, తలకు రోజుకు 12 రూపాయలు, 160 రోజులకు 76,800. ఆటస్థలం బాగుచేతకు 60,000. సామాను 35,000. పోటీలకు రానుపోను బండి కిరాయి, భోజనాలు, రెండు జతల జెర్సీలకు 40,000. మొత్తం 3,11,800. మిగిలిన 38,200 గాయాలకు, అనుకోని వాటికి పక్కన పెట్టండి.

ఇందులో ఆటస్థలం ఖర్చు ఒక్కటే ఒకసారితో పోయేది. మిగతా 2,51,800 ప్రతి ఏడాదీ కావాలి. పూర్వ విద్యార్థుల కార్యక్రమాలు రెండో ఏడాది ఆగిపోయేది సరిగ్గా ఇక్కడే. సమ్మేళనం రోజు ఉత్సాహంలో ఐదు వేలు, పది వేలు వేసినవాళ్ళను మళ్ళీ అడగాలంటే మొహమాటం. గ్రూపులో 120 మంది ఉన్నారనుకుంటే సగం మందినే లెక్కేసుకోండి. 60 మంది నెలకు 350 చొప్పున కడితే ఏడాదికి 2,52,000. డబ్బు దానంతటదే వెళ్ళేలా బ్యాంకులో స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ పెట్టించండి, నెలనెలా గుర్తుచేసే పని ఎవరి నెత్తినా ఉండకూడదు. ఆ 60 మంది దొరికాకే కోచ్‌కి మాట ఇవ్వండి. నాలుగు నెలలు నేర్పించి ఆపేస్తే పిల్లలకు అసలు మొదలుపెట్టనిదానికంటే ఎక్కువ నష్టం.

ఇక ఖాతా సంగతి. మిత్రుడి సొంత ఖాతాలోంచి ఈ నెలలోనే తీసేయండి. ఆయన నిజాయతీని శంకించి కాదు. ఆ డబ్బు ఎక్కడిదని పన్నుల శాఖ అడిగితే జవాబు చెప్పుకోవలసింది ఆయనే, ఆయనకేమైనా అయితే బ్యాంకు ఆ డబ్బును ఆయన నామినీకో వారసులకో ఇస్తుంది. రెండు దారులున్నాయి. మొదటిది, ప్రధానోపాధ్యాయుడు కన్వీనర్‌గా ఉండే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ తీర్మానంతో బడి ఖాతాకు ఇవ్వడం. కట్టడాలకు, వస్తువులకు ఇది సరిపోతుంది కానీ నెలనెలా కోచ్‌కు, రోజూ అరటిపళ్ళకు చెల్లించడం కష్టం. ప్రధానోపాధ్యాయుడు బదిలీ అయితే సంతకాలు మారేదాకా ఖర్చు ఆగుతుంది.

రెండోది, సొసైటీ నమోదు. తెలంగాణ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులుండాలి. పేరు, చిరునామా, ఉద్దేశాలు, నియమావళి రాసి రిజిస్ట్రార్ దగ్గర నమోదు చేయించి, పాన్ తీసుకుని, ఇద్దరు సంతకం పెడితేనే డబ్బు కదిలేలా ఖాతా తెరవండి. ఏడాదికోసారి సర్వసభ్య సమావేశం, తర్వాత కార్యవర్గం జాబితా దాఖలు చేయడం మరిచిపోతే కాగితాల మీద సంఘం చచ్చినట్టే. ఉద్దేశాల్లో క్రీడలు, విద్య రెండూ స్పష్టంగా రాయించండి, తర్వాత 12ఏ (సంఘానికి పన్ను మినహాయింపు), 80జీ (విరాళం ఇచ్చినవాళ్ళకు పన్ను మినహాయింపు) అని పిలిచే నమోదులకు పనికొస్తుంది. 80జీ ఆశ చూపి సందాలు అడిగేముందు ఒక మాట: కొత్త పన్ను విధానం ఎంచుకున్నవాళ్ళకు ఆ మినహాయింపు రాదు, 2 వేలు దాటిన నగదు విరాళానికి అసలు వర్తించదు. గచ్చిబౌలి, మాదాపూర్ ఆఫీసుల్లో పనిచేసే మీవాళ్ళుంటే, ఉద్యోగి ఇచ్చినంత తామూ జతచేసే కంపెనీలు ఉంటాయి. వాళ్ళూ ముందు అడిగేది ఈ నమోదు కాగితాలే.

అమెరికా డబ్బు దగ్గర చాలా జాగ్రత్త. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు తమ సొంత సంపాదనలోంచి మామూలు బ్యాంకు మార్గంలో పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్ళు, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్ళకు ఇచ్చేది) ఉన్నా సరే, విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, 2010 లెక్కలో విదేశీయులే. ఆ నమోదు లేని సంఘం వాళ్ళ దగ్గర తీసుకుంటే నేరం. ఊరికి వచ్చినప్పుడు చేతికి రూపాయలిచ్చినా, సంఘానికి వస్తువులు కొనిచ్చినా అంతే. ఆ నమోదు కావాలంటే సంఘానికి కనీసం మూడేళ్ళ వయసు, ఆ మూడేళ్ళలో 15 లక్షల ఖర్చు చూపించాలి, మీకు ఇప్పట్లో కుదరదు. తమ్ముడి ఖాతాకు పంపి అక్కణ్ణుంచి మళ్ళించే తెలివితేటలు వద్దు. కాబట్టి సందా అడిగేటప్పుడే పాస్‌పోర్టు ఏ దేశానిదో రాయించుకోండి, వినడానికి ఎబ్బెట్టుగా ఉన్నా.

మట్టికోర్టు:

మ్యాట్ విషయం నేను చెప్తాను. ఆ ముక్కలు మీటరుకు మీటరు, పళ్ళు కలిపి అమర్చేవి. కింద సమంగా ఉన్న సిమెంటు నేల, పైన కప్పు ఉంటేనే బతుకుతాయి. మట్టి మీద పరిస్తే వానకు కిందికి నీరు చేరి ముక్కలు లేస్తాయి, ఎండకు అంచులు ముడుచుకుని సందులు పడతాయి, ఆ సందులో కాలి వేలు ఇరుక్కుంటే విరుగుతుంది. రాష్ట్ర స్థాయికి వెళ్ళే పిల్లలకు మ్యాట్ అలవాటు అవసరమే. అప్పుడు పది రోజులు మ్యాట్ ఉన్న దగ్గరికి, బూట్లతో సహా తీసుకెళ్ళండి, సొంతానికి వద్దు.

మంచి మట్టి కోర్టు ఇలా చేయించండి. కబడ్డీకి చుట్టూ 2 మీటర్లు కలుపుకుని 17 × 14 మీటర్లు తీసుకోండి. 10 సెంటీమీటర్ల మందం మొరం అంటే సుమారు 24 ఘనపు మీటర్లు. రోలర్ తొక్కితే దిగిపోతుంది కాబట్టి 30 తెప్పించాలి. ట్రాక్టర్ ట్రిప్పు 100 ఘనపుటడుగులు అనుకుంటే 11 ట్రిప్పులు. ట్రిప్పు నిండుగా ఉందో లేదో దింపకముందే ట్రాలీ లోపల టేపుతో కొలవండి, డబ్బు పోయేది అక్కడే. ఒకేసారి 10 సెంటీమీటర్లూ పోసి తొక్కిస్తే పైన గట్టిపడి లోపల వదులుగా ఉంటుంది, మొదటి వానకే గుంటలు. 5 సెంటీమీటర్ల చొప్పున రెండు పొరలు, ఒక్కో పొర సాయంత్రం తడిపి, పొద్దున రోలర్. దానిపైన జల్లించిన ఎర్రమట్టి, రంపపు పొట్టు కలిపి 4 సెంటీమీటర్లు. కొందరు పెంట ఎరువు కలుపుతారు, మెత్తగా ఉంటుందని. మోకాళ్ళు దోక్కుపోయే ఆటలో అది ధనుర్వాతాన్ని పిలిచినట్టు. పిల్లలకు 10, 16 ఏళ్ళకు వేసే టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా) టీకా పడిందో లేదో ఎలాగూ చూసుకోండి.

వాలీబాల్‌కు నీళ్ళు పోవడానికి మీటరుకు 5 మిల్లీమీటర్ల వాలు నిబంధనలే ఒప్పుకుంటాయి. నెట్ కింద ఎత్తుగా పెట్టి రెండు వైపులా వాలు ఇస్తే వెనక గీత దగ్గరికి 4.5 సెంటీమీటర్లు దిగుతుంది, ఆటకు తెలియను కూడా తెలియదు. చాలా బడుల్లో గీతల చోట ఇటుకలు పాతేస్తారు, చెరిగిపోవని. గట్టి వస్తువుతో గీత వేయకూడదని నిబంధన, ఎందుకో ఒకసారి ఆ ఇటుక మీద చీలమండ మడతపడితే అర్థమవుతుంది. గీతలకు గుల్లసున్నం వద్దు, కళ్ళలో పడితే కాలుతుంది. ముగ్గుపిండి చాలు.

స్తంభాలు 3 అంగుళాల ఇనుప గొట్టం, నేలపైన 2.55 మీటర్లు, పక్క గీతకు అర మీటరు నుంచి మీటరు దూరంలో. నేరుగా కాంక్రీటులో పాతకండి. కాస్త పెద్ద గొట్టం 60 సెంటీమీటర్ల ముక్క పాతి, అందులో స్తంభం దించి తీసేలా చేస్తే సెలవుల్లో లోపల పెట్టుకోవచ్చు, దొంగల బెడద ఉండదు. గుంట 45 × 45, లోతు 75 సెంటీమీటర్లు. రెండు గుంటలకు 1:2:4 పాళ్ళలో (సిమెంటు, ఇసుక, కంకర) రెండు బస్తాల సిమెంటు పడుతుంది. వారం తడిపాకే నెట్ బిగించండి, మూడో రోజే లాగితే స్తంభాలు లోపలికి వాలిపోయి మళ్ళీ నిటారు కావు.

మీ బండరాయి భాగాన్ని చదును చేయాలని డబ్బు తగలేయకండి. పలక రాయి మీద 10 సెంటీమీటర్ల మట్టి పోస్తే ఒక్క వానాకాలంలో కొట్టుకుపోతుంది. కోర్టులన్నీ అవతలికి జరిపి, రాయి పక్కన మట్టి దొరికిన చోట కానుగ మొక్కలు పెట్టండి, చూసేవాళ్ళకు నీడ. నీళ్ళు నిలిచే మూల నుంచి మాత్రం 30 సెంటీమీటర్ల వెడల్పు కాలువ తీసి 20 ఎంఎం కంకర నింపండి.

దూకే గుంటకు 2.75 మీటర్ల వెడల్పు, 8 మీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల లోతు ఇసుక కావాలి. చౌకని క్రషర్ డస్ట్ (రాతిపొడి) పోస్తారు, అది తడికి గట్టిపడి నేలతో సమానమవుతుంది. మంచి ఇసుకైనా ప్రతిసారీ పారతో గుల్ల చేసి దూకించాలి.

ఏ సెక్షన్ చివరి బెంచి:

చాలా థాంక్స్. మ్యాట్ వాదన ఈ రాత్రికే ముగిసింది. క్రికెట్ వాళ్ళు ఇంకా ఒప్పుకోలేదు, అది వేరే కథ. ఇంకో రెండు అనుమానాలు. ఏడో తరగతి దాటాక ఆడపిల్లలు ఆటలకు రావడం మానేస్తున్నారని సార్ అంటున్నారు. రెండోది, మన కార్యక్రమం పనిచేస్తోందని సందా కట్టేవాళ్ళకు ఏం చూపించాలి? కప్పులే చూపించాలంటే మూడేళ్ళు పడుతుందేమో.

విజిల్:

ఆడపిల్లలు ఆట మీద ఇష్టం లేక మానరు తమ్మీ. బట్టలు మార్చుకునే గది, తలుపుకు గొళ్ళెం, నల్లాల నీళ్ళు, పాడ్స్, ఇవి ఉన్నయా సూడు ముందుగాల. కోచ్‌కు ఇచ్చే పైసలకంటే ముందు ఆ గది సక్కబెట్టుండ్రి. రెండోది చీకటి. చలికాలం ఐదున్నరకే వాళ్ళను ఇడిసిపెట్టాలె, లేకుంటే ఇంట్ల ఒప్పుకోరు. కుదిరితే బడి మొదలుగాక ముందు ప్రాక్టీసు పెట్టుండ్రి. జెర్సీలు కొనేటప్పుడు తెల్లవి కొనకుండ్రి, పొట్టి చేతులతోని బిగుతువి తేకుండ్రి, ముదురు రంగు ట్రాక్ ప్యాంటు ఇస్తే ఏ తల్లీ వద్దనది. ఊరు దాటి పోటీకి పోతే టీచరమ్మ తోడు లేకుంట బండి కదలొద్దు. కోచ్ ఎవలైనా సరే ప్రధానోపాధ్యాయుని రాతపూర్వక అనుమతి, పోలీస్ వెరిఫికేషన్ అయినంకనే గ్రౌండ్ల అడుగు పెట్టాలె. మీ బ్యాచ్‌మేట్ అయినా సుత. పిల్లలతోని ఒంటరి ఫోన్ మెసేజీలు వద్దు, తల్లిదండ్రుల గ్రూపులనే.

సూపెట్టనీకి కప్పులెందుకు? హకీంపేట క్రీడా పాఠశాల నాలుగో తరగతి ప్రవేశాలల్ల పెట్టే పరీక్షలున్నయ్ గద: 30 మీటర్ల ఉరుకు, నిలవడి ముందుకు దూకుడు, నిలువు దూకుడు, షటిల్ రన్ (రెండు గీతల నడుమ అటిటు ఉరుకుడు), మెడిసిన్ బాల్ విసురుడు, 800 మీటర్లు. ఈ ఆరింటిని మొదటి వారంల, మళ్ళ మూడు నెలలకోసారి పెట్టి రాయుండ్రి. ఒకే టేపు, ఒకే స్టాప్‌వాచ్, ఒకే పొద్దు టైం, లేకుంటే అంకెలు అబద్ధం చెప్తయ్. దానితోని హాజరు పట్టీ. 40 మందిల రోజూ ఎంతమంది వస్తున్నరు, ఎవలు ఎందుకు మానిన్రు. అరటిపండు ఆఖర్ల ఇస్తున్నరా మొదట్ల ఇస్తున్నరా గూడ సూడుండ్రి. మధ్యాహ్నం తిన్న పిల్ల నాలుగింటికి ఖాళీ కడుపుతోని ఉరకలేదు, పండు మొదట్ల, పల్లీలు ఆఖర్ల.

జమాఖర్చు:

హాజరు పట్టీ, ఖర్చు పుస్తకం రెండూ నెలాఖరుకు ఫొటో తీసి సందా కట్టేవాళ్ళ గ్రూపులో పెట్టండి. పిల్లల పేర్లు కప్పేసి, అంకెలు మాత్రమే. పాస్ అయిన బిల్లు లేకుండా వంద రూపాయలు కూడా ఇవ్వకండి. అరటిపళ్ళవాడు బిల్లు ఇవ్వడు కాబట్టి దానికి వోచర్ రాసి పీఈటీ సార్, ఇద్దరు పిల్లల తల్లుల సంతకాలు పెట్టించండి. క్రికెట్ వాళ్ళకు ఒక దారి ఉంది: విడిగా పోగుచేసుకుంటే వాళ్ళ ఖర్చుకు వేరే పద్దు తెరవండి, ఈ 3.5 లక్షల్లో కలపకండి. ఫ్లెక్సీకి మాత్రం ఏ పద్దూ వద్దు.

ఏ సెక్షన్ చివరి బెంచి:

మట్టికోర్టు గారూ, స్తంభాలు తీసేశాక ఆ గొట్టం గుంటలు తెరిచే ఉంటాయి కదా?

మట్టికోర్టు:

అందుకే పాతే ముక్క నేలకు 2 సెంటీమీటర్లు కిందికే ఉండాలి, పైకి పొడుచుకుని ఉండకూడదు. అదే కొలత ఇనుప మూత చేయించి, గొలుసుతో గొట్టానికే వెల్డింగ్ చేయించండి. లేకపోతే వారంలో మూత పోతుంది, కాలు గుంటలో పడుతుంది. స్తంభం దించే ముందు అడుగున చెత్త, నీళ్ళు లేకుండా చూడండి, అడుగు కాంక్రీటుతో మూసెయ్యకుండా కంకర వేస్తే నీరు ఇంకిపోతుంది.